రాజీ కాయితం మీద వేలిముద్ర



పోయిన నెల ఒక జుమా రోజు నమాజ్ అయి, మసీదు మెట్ల దగ్గర చెప్పులు తొడుక్కుంటుంటే ఫోన్ మోగింది. నంద్యాల వైపు తమ్ముడొకడు. నా రాతలు చదువుతాడంట. వాళ్ల పెద్దన్న బైక్ మెకానిక్. పని ముగించుకుని ఇంటికొస్తుంటే హైవే మీద కారు గుద్ది ఇంతెకాల్ అయినాడు. ఇంకా చాలీస్వాఁ కూడా కాలేదు.

"భాయ్‌జాన్, కారాయన మంచోడే. ఆస్పత్రికి కూడా వచ్చినాడు. మూడు లక్షలు ఇస్తానంటున్నాడు. మొహల్లా పెద్దలు రాజీ అయిపోండి అంటున్నారు. మీరు కోర్టు వార్తలు రాసినోళ్లు కదా. సంతకం పెట్టేయమంటారా?"

"ఏ కాయితం మీదా ఎవరూ సంతకం పెట్టొద్దు. సాయంత్రం నేనే చేస్తా" అని పెట్టేసినా. అంత గట్టిగా చెప్పే హక్కు నాకు ఎక్కడిదని ఇంటిదాకా ఆలోచించుకుంటూ పోయినా. ఎక్కడిదో నాకు తెలుసు.

1996. నేను తొమ్మిదో క్లాసు, ఉర్దూ మీడియం. మా చిన్న మామూ లారీ షెడ్డులో వెల్డర్. 32 ఏండ్లు. ఫజర్ నమాజ్ అయినాక సైకిల్ మీద పనికి పోతుంటే బైపాస్ దగ్గర లారీ కొట్టింది. ముగ్గురు పిల్లలు, పెద్దది ఏడేండ్లది. మూడో రోజు జియారత్ ముగిసి, ఇంకా జనం లేవకముందే లారీ ఓనరు తరఫు మనుషులు ఇద్దరు వచ్చినారు. చేతిలో స్టాంపు కాయితం, కవరులో ఇరవై వేలు. కాయితం తెలుగులో రాసుంది. మా నానాకు తెలుగు చదవడం రాదు. కూచున్న పెద్దల్లో ఒక్కరికీ రాదు. "బచ్చా ఇస్కూల్ జాతా నా, పఢ్‌కే బోల్‌దే" అని కాయితం నా చేతికిచ్చినారు.

నాకు తెలుగు అక్షరాలు వచ్చు. కూడబలుక్కుంటే పదం వస్తుంది. కానీ ఆ కాయితంలోని పదాలు మా వాచకంలో లేవు. తదుపరి, క్లెయిము, నిర్లక్ష్యము, ఎట్టి అభ్యంతరమును. పది మంది నా మొహంలోకే చూస్తున్నారు. రెండు లైన్లు పెదాలు ఆడించి "ఠీకిచ్ హై నానా" అన్నా. ముమాని లోపలి గదిలో ఇద్దత్‌లో ఉంది. పరదా కింద నుంచి కాయితం, ఇంకు ప్యాడు లోపలికి నెట్టినారు. వేలిముద్రతో బయటికి వచ్చింది.

ఆ కాయితం నకలు నానా ట్రంకు పెట్టెలో చాలా ఏండ్లు ఉంది. డిగ్రీ రెండో ఏడాదిలో ఒకరోజు తీసి చదివినా. అప్పటికి నేను తెలుగు సాహిత్యం విద్యార్థిని. (ఆ కాయితం కోసమే తెలుగు డిగ్రీ చేరినానని చెబితే బాగుంటుంది కానీ అది అబద్ధం. సీటు దొరికింది, చేరినా.) మరహూం చూసుకోకుండా రోడ్డు మీదికి వచ్చినాడని, తప్పంతా ఆయనదేనని, లారీ ఓనరు మీద గానీ డ్రైవరు మీద గానీ ఇన్సూరెన్స్ కంపెనీ మీద గానీ ఏ కోర్టులోనూ దావా వేయబోమని, ఆ కాయితంలో మా ముమాని తన ఇష్టపూర్తిగా ఒప్పుకుంది.

2005లో కర్నూలు కోర్టుల వార్తలు రాసే పని నా మీద పడింది. ఫ్యాక్షన్ కేసు రాస్తే ఫోటోతో సహా వేసేవాళ్లు. యాక్సిడెంట్ దావాలను ఏ విలేకరీ ముట్టడు. జిల్లా జడ్జే ఛైర్మన్‌గా కూచునే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ముందు వరండాలో బురఖాల ఆడోళ్లు, చంకకర్రల మొగోళ్లు, నిద్రపోయే పిల్లలు. అక్కడ పరిచయమైనారు వకీల్ సాబ్. పేరు రాయొద్దన్నారు. "పేరు రాస్తే అడ్వర్టైజ్‌మెంట్ అయితది బేటా, బార్ కౌన్సిల్ రూలు ఒప్పుకోదు" అని నవ్వినారు. నవ్వుతూ అన్నా అది నిజమే. మన దేశంలో వకీళ్లు తమ గురించి ప్రచారం చేసుకోకూడదు.

ఆయన వాలిద్ సాబ్ లారీ క్లీనరుగా మొదలై డ్రైవరైన మనిషి. కర్నూలు, రాయచూరు, బళ్లారి లైన్లు తిరిగినోడు. ఈయనదీ నాలాగే ఉర్దూ బడి. లా చదివి, ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున వాదించే సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరి ఆరేండ్లు పనిచేసినారు. అంటే మొదటి ఆరేండ్లు ఆయన పని, మన లాంటి ఇండ్లకు వచ్చే ముఆవజా ఎట్లా తగ్గించాలో చూడడం. ఎందుకు ఇటువైపు వచ్చినారని అడిగితే పెద్ద కథ చెబుతారనుకున్నా. "వాళ్లు ఫీజు టైముకు ఇవ్వరు బేటా" అన్నారు. ఇంకెన్నిసార్లు అడిగినా అదే జవాబు. కానీ ఆ ఆరేండ్ల చదువే ఆయన ఆస్తి. అవతలి వకీలు ఏ ప్రశ్న వేస్తాడో ఆయనకు ముందే తెలుసు. ఒకప్పుడు ఆ ప్రశ్నలు తనే వేసినవి.

మన మొహల్లాల్లో ఈ పనికి ఇజ్జత్ తక్కువ. క్రిమినల్ వకీలంటే భయం, సివిల్ వకీలంటే మర్యాద, యాక్సిడెంట్ వకీలంటే మాత్రం "శవాల మీద సంపాదించేటోడు". నేనూ అట్లానే అనుకున్నా. ఇప్పుడు అనుకోను. ఎందుకో చెప్పాలంటే ఒక లెక్క చేయాలి, ఓపిగ్గా చదవండి. ఆ సాయంత్రం నంద్యాల తమ్ముడికి ఫోన్‌లో చెప్పింది కూడా ఈ లెక్కే.

వాళ్ల అన్నకు 34 ఏండ్లు. భార్య, ముగ్గురు పిల్లలు, తల్లి ఆయన మీదే ఆధారం. నెలకు పదిహేను వేల దాకా తెచ్చేవాడంట. ఏడాదికి 1,80,000. బతికుంటే సంపాదన పెరిగేది కదా అని, సొంత పని చేసుకునే నలభై లోపు మనిషికి 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేథీ కేసులో ఐదుగురు జడ్జీల సుప్రీంకోర్టు బెంచి చెప్పింది. కలిపితే 2,52,000. ఆధారపడినోళ్లు నాలుగు నుంచి ఆరుగురు ఉంటే ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేయాలి. మిగిలింది 1,89,000. దీన్ని వయసును బట్టి ఒక అంకెతో గుణించాలి. ఆ పట్టిక 2009లో సరళా వర్మ కేసులో వచ్చింది. 31 నుంచి 35 ఏండ్లకు 16. గుణిస్తే 30,24,000 రూపాయలు. భార్యాపిల్లలకు మనిషి పోయిన లోటు కింద, దఫన్ ఖర్చుల కింద ఇచ్చేవి వేరే.

ఇది ఆ పదిహేను వేలు రుజువైతేనే. రుజువు లేకపోతే ట్రిబ్యునల్ తనే ఒక అంకె అనుకుంటుంది. ఎనిమిది వేలు అనుకుందనుకోండి. అదే లెక్క 16,12,800 దగ్గర ఆగుతుంది. నెలకు ఒక్కో వెయ్యి రూపాయలు రుజువు చేస్తే ఆ ఇంటికి 2,01,600 వస్తుంది, చేయలేకపోతే పోతుంది. వకీల్ సాబ్ ఈ లెక్క చాయ్ హోటల్లో సిగరెట్ పెట్టె వెనకాల వేసి చూపించిన రోజు నాకు ఆయన పని ఏందో అర్థమైంది. సినిమాల్లో లాగా బల్ల గుద్ది వాదించడం కాదు. కాయితాలు లేకుండా బతికిన మనిషిని, చనిపోయినాక కాయితాల మీద నిలబెట్టడం.

మనోళ్ల బతుకులు చూడండి. మెకానిక్, వెల్డర్, పెయింటర్, టైలర్, ఆటో, మటన్ దుకాణంలో కూలి, పండ్ల బండి. జీతం చీటీ ఎవరికుంది? ఇన్‌కమ్ ట్యాక్స్ ఎవరు కట్టినారు? బ్యాంకు ఖాతాలో గ్యాస్ సబ్సిడీ తప్ప ఇంకేం పడింది? క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఇన్సూరెన్స్ వకీలు మొదట అడిగేదే అది. "మీ భర్త ఇంత సంపాదించినాడనడానికి ఏమైనా ఆధారం ఉందామ్మా?" లేదు సార్ అని ఆమె అంటుంది. అంతే, రాసుకుంటారు.

అందుకే వకీల్ సాబ్ దావా వేయకముందే ఆ ఇంటికి పోయి ఒక పూట కూచుంటారు. చాయ్ తాగుతూ వంద ప్రశ్నలు వేస్తారు. ఒకసారి నేనూ వెంట పోయినా. టైలర్ పోయిన ఇల్లు. ఎంత తెచ్చేవాడమ్మా అంటే ఆమెకు తెలీదు. సంచరం రాత్రి చేతికిచ్చేవాడు, అందులోంచి అయిదొందలు చిట్టీకి తీసిపెట్టేదాన్ని అంది. "చిట్టీ పుస్తకం ఉందా?" ఉంది. మూడేండ్ల వారం వారం సంతకాలతో ఉంది. పిల్లలది ప్రైవేటు బడి, ఫీజు రశీదులు ఉన్నాయి. బట్టల దుకాణంలో అరువు ఖాతా ఉంది. కుట్టుమిషను కొన్న బిల్లు, బంగారం తాకట్టు చీటీలు, ఇంటి బాడుగ రాసుకున్న నోటుబుక్కు. చివరికి మసీదు చందా రశీదులు కూడా. నెలకు రెండొందలు తప్పకుండా చందా ఇచ్చినోడు నాలుగు వేలు సంపాదించేటోడు కాదు కదా అని ఆయన వాదన. బట్టలిచ్చిన దుకాణదారును గవాహ్‌గా పిలిపించినారు. ఆయన ఒక పూట దుకాణం మూసి రావడానికి పది రోజులు బతిమాలాల్సి వచ్చింది. గవాహీ ఇవ్వడం సవాబ్ అని బయాన్లలో వింటాం కానీ వాయిదా రోజు మన ఇంట్లో అందరికీ జ్వరమే.

వాయిదా అంటే గుర్తొచ్చింది. కోర్టు తెలుగంతా మన మాటలే. వకీలు, వకాల్తా, దావా, రాజీ, అసలు, నకలు, హాజరు, జవాబు, వాయిదా. ఈ ఆఖరి మాట పుట్టింది "వాదా" లోంచి, అంటే మాటిచ్చుట. కోర్టులో దాని అర్థం ఎట్లా మారిందో పదేండ్లు తిరిగినోళ్లను అడగాలి. ఇన్ని మాటలు మనవి, ఆ మాటలున్న కాయితం చదవగలిగినోడు మాత్రం ఆ రోజు మా ఇంట్లో ఒక్కడూ లేడు.

ఇల్లు చూసుకునే ఆడోళ్ల సంగతి ఇంకో రకం. వాళ్లు యాక్సిడెంట్‌లో పోతే "ఆమె సంపాదించేది ఏమీ లేదు కదా" అని మనోళ్లే దావా వేయరు. 2021 జనవరి 5న సుప్రీంకోర్టు కీర్తి కేసులో ఇచ్చిన ఫైసలా ఇక్కడ చెప్పాలి. ఢిల్లీలో 2014లో భార్యాభర్తలు ఇద్దరూ పోయిన కేసు, ఆమె గృహిణి. బెంచిలో ముగ్గురు జడ్జీలు. వాళ్లలో ఇద్దరు మనకు బాగా తెలిసినోళ్లే. ఎన్.వి. రమణ గారు తర్వాత సీజేఐ అయినారు. ఎస్. అబ్దుల్ నజీర్ గారు తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చినారు. రమణ గారు విడిగా రాసిన తీర్పులో లెక్కలు చూపించినారు. 2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే ముఖ్యమైన పని అని చెప్పిన ఆడోళ్లు దాదాపు 16 కోట్లు, మొగోళ్లు 58 లక్షలు. జీతం లేని ఇంటిపనికి ఆడమనిషి రోజుకు సగటున 299 నిమిషాలు పెడితే మొగమనిషి పెట్టేది 97. కాబట్టి ఆ మెహనత్‌కు ఆదాయం కట్టాల్సిందే, దానికి ముందుముందు పెరిగే సంపాదన కూడా కలపొచ్చు అన్నారు. మన ఇండ్లల్లో వంటతో పాటు జరీ పనో, చీరలకు ఫాల్స్ కుట్టడమో, పిల్లలకు అరబీ చెప్పడమో చేసే ఆడోళ్లు ఎంత మంది! "ఖాలీ ఘర్‌పే రైతీ" అంటాం వాళ్ల గురించి.

ప్రాణం పోకుండా చెయ్యో కాలో పోయినోళ్ల కేసులు ఇంకా కష్టం. డాక్టరు అరవై శాతం అంగవైకల్యం అని సర్టిఫికెట్ ఇస్తాడు. సంపాదన కూడా అరవై శాతమే పోయినట్టా? 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచింది. ఎడమ చెయ్యి తీసేస్తే డ్రైవరుకో వడ్రంగికో దాదాపు మొత్తం సంపాదనే పోయినట్టు. సర్కారు ఆఫీసులో గుమాస్తాకు జీతం అట్లానే వస్తుండొచ్చు. చెయ్యి అదే, బతుకు వేరే. ఆ బతుకును డాక్టరు నోటితో చెప్పించాలి. ఆపరేషన్ చేసిన డాక్టర్లు కోర్టుకు రమ్మంటే రారు. వకీల్ సాబ్ క్లినిక్ బయట పేషెంట్లతో పాటు టోకెన్ తీసుకుని కూచున్న రోజులు ఉన్నాయి. ఆ బెంచీ మీద ఆయన్ను నేనే చూసినా.

ఈ వకీళ్లందరూ ఫరిష్తాలని నేను అనను. ఆస్పత్రి వార్డుల్లో తిరిగే దళారులు ఎవరి తరఫున తిరుగుతారో అందరికీ తెలుసు. ఇంకా రక్తం ఆరకముందే ఖాళీ వకాల్తా మీద, ఖాళీ చెక్కుల మీద సంతకాలు తీసుకునేటోళ్లు ఉన్నారు. వచ్చిన దాంట్లో ముప్పై శాతం, నలభై శాతం నాది అనేటోళ్లు ఉన్నారు. అమెరికాలో ఇది చట్టం ప్రకారమే నడుస్తుంది. గెలిస్తే మూడో వంతు దాకా వకీలుకు, ఓడితే ఫీజు లేదు. చికాగోలో ఉండే మా ఖాలా కొడుకు హైవే పొడుగునా వకీళ్ల ఫోటోలతో హోర్డింగులు చూసి మొదట ఎలక్షన్లు అనుకున్నాడంట. మన దేశంలో మాత్రం ఫలితాన్ని బట్టి ఫీజు, వచ్చే సొమ్ములో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ రూళ్లు ఒప్పుకోవు. రూలు ఒకటి, వరండాలో నడిచేది ఒకటి. ముందు డబ్బు పెట్టలేని బేవాకు ఇంకో దారేది అని కొందరు వకీళ్లు అంటారు. దారి ఉంది. 1987 చట్టం ప్రకారం ఆడోళ్లకు, ఆదాయం ఎంతున్నా సరే, ఉచితంగా వకీలును ఇవ్వాలి. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 15100 కు ఫోన్ చేసినా చెబుతారు. ప్రైవేటు వకీలునే పెట్టుకుంటే ఫీజు ఎంతో కాయితం మీద రాయించుకోండి, ఖాళీ కాయితం మీద మాత్రం ఏదీ పెట్టకండి. అడిగితే కోపం చేసుకునే వకీలు దగ్గర నుంచి లేచి వచ్చేయండి.

ఇక మనోళ్లు నోరు విప్పి అనని మాట ఒకటుంది. "ఖూన్ కా పైసా" తినాలా అని. మా నానా ఆ ఇరవై వేలు కూడా వణుకుతున్న చేత్తోనే తీసుకున్నాడు. నేను ఆలిమ్‌ను కాను. కానీ పొరపాటున మనిషి ప్రాణం పోతే వారసులకు దియత్ చెల్లించాలని సూరా నిసా 92వ ఆయత్‌లో ఉందని మదర్సా పిల్లాడికి కూడా తెలుసు. అదే ఆయత్‌లో వారసులు మాఫ్ చేయొచ్చని కూడా ఉంది. మాఫ్ చేసే హక్ వారసులది. జియారత్‌కు వచ్చి కూచున్న పెద్దలది కాదు. కోర్టు ఇచ్చే ముఆవజా, దియత్ ఒకటే అని నేననడం లేదు. ఇన్సూరెన్స్ డబ్బు, దాని మీద వచ్చే వడ్డీ, ఈ మసలాలు మీ ముఫ్తీ సాబ్‌ను అడగండి. అడిగేటప్పుడు ఇది మనం కట్టుకున్న పాలసీ కాదని, రోడ్డెక్కే ప్రతి బండికీ ఎదుటి మనిషి నష్టం కోసం చట్టం తప్పనిసరి చేసిన ఇన్సూరెన్స్ అని వివరంగా చెప్పండి. సగం ప్రశ్న అడిగితే సగం జవాబే వస్తుంది.

ఇంకో సంగతి. పాలసీ, లైసెన్సు సరిగ్గా ఉంటే కట్టేది ఇన్సూరెన్స్ కంపెనీ, బండి ఓనరు జేబు కాదు. మరి ఓనరు రాజీకి ఎందుకు తొందరపడతాడు? బండి త్వరగా విడిపించుకోవాలి, క్రిమినల్ కేసులో గవాహ్‌లు మెత్తబడాలి. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీసిన కేసు చట్టప్రకారం రాజీ చేసుకునే కేసు కాదు. అందుకే "ఆయనే అడ్డమొచ్చినాడు" అని మన నోటితోనే చెప్పించుకుంటారు. ఆ ఒక్క మాట పోలీసు కాయితాల్లోకి ఎక్కితే, రేపు ట్రిబ్యునల్లో ఇన్సూరెన్స్ వకీలు చేతికి మనమే కత్తి ఇచ్చినట్టు.

అన్నిటికంటే నాకు భయం వేసేది గడువు. మా మామూ పోయిన 1996లో దావాకు గడువే లేదు. 1994 సవరణతో తీసేసినారు. 2019 సవరణ దాన్ని మళ్లీ తెచ్చింది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలు. యాక్సిడెంట్ అయిన ఆరు నెలల్లోపు దావా పడాలి. ఇది చెల్లుతుందా లేదా అనే ముకద్దమా సుప్రీంకోర్టు దాకా పోయింది, దాన్ని నమ్ముకుని కూచోకండి. బేవా ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. ఇద్దత్ అయినాక చూద్దాం అనుకుంటే మిగిలేది యాభై రోజులు. ఆ యాభై రోజుల్లో ఎఫ్‌ఐఆర్ నకలు, పోస్టుమార్టం రిపోర్టు, ఛార్జిషీటు, బండి కాయితాలు, వకీలును వెతుక్కోవడం అన్నీ కావాలి. వకాల్తా మీద సంతకం ఇంట్లోనే పెట్టొచ్చు, వకీలే ఇంటికి వస్తాడు. తప్పనిసరి పనికి పగటిపూట బయటికి పోయే వెసులుబాటు మన ఫిఖాలోనే ఉంది. ప్రమాదం బెంగళూరులో జరిగినా, ముంబైలో జరిగినా, వారసులు ఉండే ఊరి ట్రిబ్యునల్లోనే దావా వేయొచ్చు. గుద్దిన బండి దొరకకపోతే కూడా సర్కారు పథకం కింద ప్రాణానికి రెండు లక్షలు, పెద్ద గాయానికి యాభై వేలు ఉంది.

2021 ఫిబ్రవరి 14న మదనపల్లె నుంచి అజ్మీర్ షరీఫ్‌కు బయలుదేరిన టెంపో కర్నూలు జిల్లా వెల్దుర్తి మండలంలో లారీని ఢీకొని 14 మంది పోయినారు. బతికి బయటపడింది నలుగురు పిల్లలే. అప్పటి నుంచి ఉర్స్‌కో జియారత్‌కో పోయే బండ్లు చూస్తే గుండె దడ. వాళ్లు కనీసం మనుషులు ఎక్కే బండిలో పోయినారు. మనలో చాలామంది వలీమాలకు, ఉర్సులకు గూడ్స్ ఆటోల్లో, డీసీఎం లారీల్లో ఇరవై మంది ఎక్కి పోతారు. సరుకుల బండిలో ఊరికే ఎక్కిన మనుషులకు ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పేసింది. ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలి. ఓనరు దగ్గర ఉండేది ఆ బండి ఒక్కటే, అదీ ఫైనాన్స్‌లో.

వకీల్ సాబ్‌కు ఒకసారి మామూ కాయితం చూపించినా. రాజీ కాయితం ఉన్నంత మాత్రాన దావా పోదు బేటా, వెయ్యొచ్చు అన్నారు. పోలీస్ స్టేషన్లో ఆ ఏడాది రికార్డు కోసం మూడు నెలలు తిరిగినాము. దొరకలేదు. లారీ నెంబరు కూడా ఆ కాయితంలో రాయలేదు. వదిలేసినాము. ఆ రోజు ఆయన అప్పటి చట్టం పట్టిక తీసి ఊరికే లెక్క కట్టినారు. నెలకు రెండు వేలు, ఏడాదికి ఇరవై నాలుగు వేలు, మూడో వంతు తీసేస్తే పదహారు వేలు, ఇంటూ 17. 2,72,000. తప్పు ఎవరిదని రుజువు చేయాల్సిన పని కూడా లేని సెక్షన్ అప్పట్లో ఉండింది. ముమాని ఇరవై ఏండ్లు మిషను కుట్టి పిల్లలను పెంచింది. పెద్దమ్మాయి ఏడో క్లాసుతో బడి మానేసింది. ఈ అంకె నేను ఆమెకు ఇప్పటిదాకా చెప్పలేదు.

నంద్యాల తమ్ముడు మొన్న మళ్లీ ఫోన్ చేసినాడు. మూడు లక్షల కాయితం వెనక్కి పంపినారంట. పెద్దలు ఇద్దరు అలిగి మాట్లాడటం లేదంట. స్పేర్ పార్ట్స్ దుకాణం వాళ్లు రెండేండ్ల బిల్లు పుస్తకం ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఇప్పుడు చిక్కేమిటంటే నిఖానామాలో భాబీ పేరు ఒకటుంది, ఆధార్‌లో ఇంకోటి. దానికోసం ఖాజీ సాబ్ ఆఫీసుకు తిరుగుతున్నాడు. ఖాజీ సాబ్ సోమవారం రమ్మన్నాడంట.